ఆటకు వీపు తిప్పి కూర్చున్న మైకు మాసయ్య

వడ్డేపల్లి చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఎడ్ల బండలాగుడు పోటీ పెట్టినా జనం ముందు బండ ఎంత పెద్దదో చూస్తారు, తర్వాత ఎడ్లను చూస్తారు, ఆ తర్వాత "మాసన్న వస్తుండా?" అని అడుగుతారు. మాసయ్య రాకపోతే ఎడ్లు లాగవని కాదు. లాగుతాయి. చూసేవాళ్ళకే లాగినట్టు అనిపించదు.

మాసయ్యకు సొంత పొలం లేదు. కాలాన్ని బట్టి సీడుపత్తి చేలలో పని, మిరప కోతలు, ఏ పనీ లేనప్పుడు లారీలకు బస్తాలెత్తడం. పోటీల రోజున మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, మైకు పట్టుకుని బల్ల మీద నిలబడేవాడు. ఎడ్ల పేర్లు చెప్పేవాడు, యజమానుల పేర్లు చెప్పేవాడు, యజమాని ఇంట్లో ఆ పొద్దున ఏం వండారో కూడా చెప్పేవాడు. "ఎడమ దిక్కు గిత్త మెడ వంచింది, అలిసిందనుకునేరు, అలుస్తలేదు, ఆలోచన జేస్తుంది" అని అతనంటే జనం నిజంగానే ఆ గిత్త మొహంలోకి తొంగి చూసేవాళ్ళు. ఒకసారి మధ్యలో కరెంటు పోయి మైకు ఆగిపోయింది. పోటీ అయిపోయేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

అతని భార్య దేవమ్మ అతి తక్కువ మాటల మనిషి. "ఇంట్ల ఒకరు మాట్లాడితే సాలు" అనేది. వాళ్ళ కూతురు హెప్సిబా.

పుట్టినప్పుడు ఆ పిల్ల ఆలస్యంగా ఏడ్చింది. సెరిబ్రల్ పాల్సీ అన్నారు డాక్టర్లు. మనసులో అనుకున్నది కాళ్ళూ చేతులూ సరిగ్గా వినవు. నడక రాలేదు, చక్రాల కుర్చీ వచ్చింది. పిడికిళ్ళు రెండూ ఎప్పుడూ బిగిసే ఉంటాయి. అన్నీ అర్థమవుతాయి, పాఠాలు చెబితే పట్టేస్తుంది, మాట కూడా వస్తుంది. కాకపోతే ఒక్కో మాటను లోపలి నుంచి తోడి పైకి తేవాలి. దానికి కాస్త సమయం పడుతుంది. ఆ కాస్త సమయమే వాళ్ళ నాయిన దగ్గర ఉండేది కాదు.

"నా..." అని హెప్సిబా మొదలుపెట్టగానే, "నాయినా అంటున్నవా? నీళ్ళు కావాల్నా బిడ్డా? ఇగో" అని మాసయ్య చెంబు పట్టుకొచ్చేవాడు. పిల్ల అడగబోయింది నీళ్ళు కాదు, 'నా పుస్తకం ఎక్కడ' అని. ఎందుకొచ్చిన గొడవలెమ్మని నీళ్ళు తాగేసేది. దవాఖానలో డాక్టరు "నొప్పి ఎక్కడమ్మా?" అని హెప్సిబాను అడిగితే మాసయ్య అందుకుని ఎంతసేపు, ఎంత వివరంగా చెప్పాడంటే, చివరికి డాక్టరు "సరే, పడుకోండి, చూస్తాను" అని అతన్నే మంచం ఎక్కమన్నాడు.

అది ప్రేమే. అందులో ఎవరికీ అనుమానం లేదు. హెప్సిబాకు అసలే లేదు.

పదకొండో ఏడు వచ్చినప్పుడు హెప్సిబాను మండలంలోని ప్రత్యేక పిల్లల కేంద్రానికి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. అక్కడికి వారానికోసారి వనపర్తి నుంచి సింధూజ వచ్చేది. ఫిజియోథెరపిస్టు, చిన్న వయసు, ఓపిక మాత్రం ముసలమ్మకు ఉన్నంత. ఆమె హెప్సిబా పిడికిలి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతుండేది. హెప్సిబా ఏడ్చేది కాదు. కళ్ళు మూసుకుని గోడ వైపు తల తిప్పుకునేది. ఏడ్చినా బాగుండేదని సింధూజకు అనిపించేది. వేళ్ళు విప్పినంతసేపు విప్పుకునేవి, వదలగానే మళ్ళీ బిగుసుకునేవి.

ఒక వారం ఆమె ఒక సంచీ, నిలువుగా సగానికి కోసిన లావుపాటి ప్లాస్టిక్ గొట్టం తెచ్చింది. సంచీలో ఎర్ర బంతులు, నీలం బంతులు, ఒక్కటంటే ఒక్క తెల్ల బంతి.

"ఈ ఆట పేరు బోచా, అన్నా" అంది.

"బొచ్చెనా? అన్నం తినే బొచ్చెనా మేడమ్?"

"బొచ్చె కాదన్నా, బోచా."

"గదే, బొచ్చె ఆట" అన్నాడు మాసయ్య. ఆ రోజు నుంచి వడ్డేపల్లిలో దాని పేరు బొచ్చె ఆటే.

తెల్ల బంతిని ముందుకు విసిరేస్తారు. తర్వాత ఒకరు ఎర్రవి, ఒకరు నీలివి వేస్తారు. ఎవరి బంతి తెల్లదానికి దగ్గరగా ఉంటే వాళ్ళకు పాయింటు. చేత్తో విసరలేని పిల్లలు గొట్టాన్ని ఏటవాలుగా పెట్టించుకుని అందులోంచి బంతిని జార్చవచ్చు. గొట్టం పట్టుకోవడానికి పక్కన ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషి తనేనని వినగానే మాసయ్య చొక్కా చేతులు మడిచాడు.

"నేనేడ కూసోవాలె మేడమ్?"

"పాపకు ఎదురుంగ. పాప దిక్కు మొకం పెట్టి."

"అంటే ఆటంత నా ఎనకాల జరుగుతది?"

"అవునన్నా."

"తిరిగి సూడొచ్చు గదా?"

"సూడొద్దు. ఆట నడిచినంతసేపు తిరగొద్దు."

"పోనీ, ఎట్ల ఎయ్యాల్నో పాపకు సెప్పొచ్చునా?"

"సెప్పొద్దు. సైగ గూడ జెయ్యొద్దు. పాప మీకు సెప్తది. సెప్పినట్టు మీరు గొట్టం జరపాలె, అంతే."

మాసయ్య మడిచిన చొక్కా చేతులు మళ్ళీ దించుకున్నాడు. "మేడమ్, ఇంకేదన్న ఆట ఉన్నదా?" అని అడిగాడు.

ఇంకో ఆట లేదు. కూర్చున్నాడు.

సింధూజ గొట్టం పైకొసన బంతిని పెట్టి, అది జారిపోకుండా హెప్సిబా చేతిని దాని మీద ఆనించింది. చెయ్యి తెరిచి ఎత్తితే బంతి వెళ్ళిపోతుంది. హెప్సిబా నాన్న భుజం మీదుగా దూరంగా ఉన్న తెల్ల బంతిని చూసింది. నాన్నను చూసింది. నాన్న నోరు తెరిచాడు. సింధూజ వేలు చూపించింది. నోరు మూసుకున్నాడు.

"ఎ...డ...మ" అంది హెప్సిబా.

మాసయ్య గొట్టాన్ని ఎడమకు జరిపాడు.

"ఎక్...కు..."

"ఎక్కువైందా? ఇటు జరపాల్నా? ఇగో..."

"అన్నా" అంది సింధూజ.

హెప్సిబా తన మాట తానే పూర్తి చేసింది. "ఎక్కు...వైంది." తర్వాత "కొం...చెం." ఆ తర్వాత "ఆగు." పదకొండేళ్ళలో వాళ్ళ నాయినను ఆపడం అదే మొదటిసారి. ఆ పిల్లకు ఎంత నచ్చిందో ఏమో, అవసరం లేకపోయినా మళ్ళీ ఒకసారి "ఆగు" అంది.

అప్పుడు చెయ్యి తెరుచుకుంది. చాలా మెల్లగా, చిటికెన వేలు మాత్రం మొండికేసి వెనకే ఉండిపోగా, మిగిలిన నాలుగూ లేచాయి. బంతి జారి, దొర్లి, తెల్లదాన్ని పట్టించుకోకుండా ఎదుటి గోడకు కొట్టుకుంది. హెప్సిబా పకపకా నవ్వింది. సింధూజ బంతి ఎటు పోయిందో చూడనే లేదు. గాలిలో విప్పుకుని ఉన్న ఆ నాలుగు వేళ్ళనే చూస్తూ నిలబడింది.

ఇంటి దగ్గర సాధనకు దేవమ్మ పాత చీర ముక్కలతో బంతులు కుట్టి జొన్నలు కూరింది. రెండో రోజుకే ఇంట్లో కోడి ఎర్ర బంతిని పొడిచి, కడుపు నిండా తిని, దాని పక్కనే పడుకుంది. దేవమ్మ బంతుల్లో జొన్నలు తీసేసి చింతగింజలు నింపింది. దొర్లితే గలగలమనేవి. వీధిలో పిల్లలందరికీ సాయంత్రం ఆ చప్పుడు వినిపిస్తే చాలు, వచ్చి గోడ పొడుగునా కూర్చునేవాళ్ళు.

మాసయ్య మాత్రం ఊరికే ఉండలేకపోయాడు. మాట వద్దన్నారు, దగ్గు వద్దనలేదు కదా అనుకున్నాడు. వీపు తిప్పి కూర్చునే ముందే తెల్ల బంతి ఎటుందో చూసి పెట్టుకుని, ఒక దగ్గు దగ్గితే కుడి, రెండు దగ్గితే ఎడమ అని హెప్సిబాకు చెవిలో చెప్పాడు. హెప్సిబా ఒకటీ లెక్కచేయలేదు. రెండు రోజులు దగ్గు విని దేవమ్మ మిరియాల కషాయం కాచి ఇచ్చింది. ఎందుకు దగ్గుతున్నాడో చెబితే ఇంకేమంటుందో అని మొత్తం తాగాడు. కేంద్రంలో కూడా అదే మొదలుపెట్టాడు.

"అన్నా, ఈ దగ్గు ఎప్పటి సంది?" అని అడిగింది సింధూజ.

"ఇప్పటి సందే మేడమ్."

"గొంతెండినట్టుంది. ఇగో, ఈ నీళ్ళు నోట్ల పెట్టుకోండి. మింగొద్దు. ఆట అయ్యేదాక గట్లనే ఉండనియ్యండి."

ఆ రోజు నుంచి నోటినిండా నీళ్ళు పుక్కిటపట్టి ఆడించాడు. మాట లేదు, దగ్గు లేదు. ఒకసారి హెప్సిబా చెయ్యి ఎత్తబోయి, బుగ్గలుబ్బించుకుని కూర్చున్న వాళ్ళ నాయినను చూసి, బంతి సంగతి మరిచిపోయి నవ్వింది. ఆమె నవ్వు చూసి మాసయ్యకూ నవ్వొచ్చింది. ఆ నీళ్ళన్నీ హెప్సిబా మొహం మీదే పడ్డాయి. వెక్కిళ్ళు వచ్చేదాకా నవ్వింది ఆ పిల్ల. ఆ పూట ఆట సాగలేదు.

చలికాలంలో వనపర్తిలో పోటీ పెట్టారు. మూడు జిల్లాల నుంచి పిల్లలు వస్తున్నారు. కేంద్రం వాళ్ళు జీపు మాట్లాడారు. ఎర్రవల్లి చౌరస్తా నుంచి బీచుపల్లి వంతెన దాకా, వంతెన మీద, వంతెన దాటాక కూడా మాసయ్య ఆగకుండా మాట్లాడాడు. కృష్ణలో నీళ్ళెంత ఉన్నాయో, ముందు పోతున్న లారీ ఎక్కడిదో, దాని డ్రైవరు మనసులో ఏముందో, అన్నీ చెప్పాడు. జీపు నడిపే నాగప్ప "ఏందన్నా, గింత మాట్లాడుతున్నవ్?" అంటే దేవమ్మ జవాబిచ్చింది. "ఆడ మాట్లాడనియ్యరు. ఉన్న మాటలన్ని ఇప్పుడే ఒడగొట్టుకుంటుండు."

మొదటి ఆట లింగాల నుంచి వచ్చిన మహిపాల్‌తో. ఆ అబ్బాయికి గొట్టం పట్టింది వాళ్ళక్క వనజ. పల్లికాయలు ఒలుచుకుంటూ ఎదురింటి వాళ్ళ కోసం కూర్చున్నంత నిమ్మళంగా కూర్చుంది ఆ అమ్మాయి. మాసయ్య మాత్రం కుర్చీ అంచున, తొడలు బిగబట్టి, ఎప్పుడు లేస్తాడో అన్నట్టున్నాడు. ఇక్కడ నోట్లో నీళ్ళు పెట్టుకోలేదు, పెద్దవాళ్ళ ముందు బాగుండదని.

రెండు బంతులు బాగానే పోయాయి. మూడో బంతి దొర్లుతుండగా వెనక జనంలో ఎవరో "అబ్బ" అన్నారు. మాసయ్య తిరిగాడు. తిరిగి, అక్కడ ఎర్ర బంతి తెల్లదాన్ని రాసుకుంటూ పోవడం కళ్ళారా చూసి, ఎంత బాగుందో అనుకునేలోపే రెఫరీ చెయ్యి ఎత్తాడు. తప్పు. అవతలి వాళ్ళకు అదనంగా ఒక బంతి. మహిపాల్ దాన్ని తీసుకెళ్ళి తెల్లదాని పక్కన కూర్చోబెట్టాడు. ఆట పోయింది, ఇంకా రెండు మిగిలాయి.

హెప్సిబా మధ్యాహ్నం అన్నం దగ్గర నాన్న చేతి ముద్ద తీసుకోలేదు.

"నువ్వు... తిరి...గినవ్."

"నేను తిరగలే బిడ్డా. అబ్బ అన్నరు గదా, తల దానంతట అదే..."

"తిరి...గినవ్."

దేవమ్మ గిన్నె అందుకుని పిల్లకు తినిపించింది. మాసయ్య వెళ్ళి హాలు మెట్ల మీద కూర్చున్నాడు. పోటీల్లో ఎడ్లు ఓడిపోతే యజమానులు ఎలా కూర్చుంటారో అలా కూర్చున్నాడు. కాసేపటికి భార్యను పిలిచి తువ్వాల చేతికిచ్చాడు.

"కళ్ళకు గట్టిగ కట్టు. కనపడకుంటే తిరుగ."

దేవమ్మ కట్టింది. అలాగే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. రెఫరీ శ్రవణ్ కుమార్ ఆ గంతలు చూసి, నవ్వు ఆపుకుని, దగ్గరికి వచ్చాడు. "ఇట్లయితే గొట్టం ఏడ పెడుతున్నరో మీకే తెల్వదు. ఇప్పండి. కళ్ళు మూసుకునే పని లేదు. మీ ముందర మీ పాప ఉంది గదా. పాపను సూడుండ్రి."

రెండో ఆటలో అవతల అమరచింత అబ్బాయి. మాసయ్య చూడటానికి ఇంకేమీ లేదు కాబట్టి కూతుర్నే చూశాడు.

ఆ పిల్ల మొహం అతనికి తెలియనిదా? రోజూ కడిగే మొహమే. కానీ ఇంతసేపు, ఏ మాటా అందించకుండా, ఊరికే చూస్తూ కూర్చున్నది ఎప్పుడూ లేదు. మాట రాబోయే ముందు గడ్డం కాస్త పక్కకు పోతుంది. తర్వాత కుడి కనుబొమ్మ లేస్తుంది. ఆ తర్వాత ఒక క్షణం అంతా ఆగిపోయినట్టు ఉంటుంది. ఇన్నాళ్ళూ సరిగ్గా అక్కడే తను "నీళ్ళా బిడ్డా" అని దూరేవాడు. ఇప్పుడు దూరకుండా ఉంటే, ఆ ఆగిన చోటు దాటి మాట దానంతట అదే వచ్చేస్తోంది.

ఆట సమానంగా నడిచింది. చివరికి హెప్సిబా దగ్గర ఒక్క బంతి మిగిలింది. ఆమె నాన్న భుజం మీదుగా చాలాసేపు చూసింది. కుడి అనలేదు, ఎడమ అనలేదు.

గడ్డం పక్కకు పోయింది. కనుబొమ్మ లేచింది. మాసయ్య ఆగాడు.

"ఎత్...తు."

గొట్టాన్ని ఇంకా ఏటవాలుగా ఎత్తమంటోంది. అంటే బంతి వేగంగా పోవాలి. తనైతే ఛస్తే అలా చెప్పడు. వద్దని చెప్పాలని నాలుక కొస దాకా వచ్చింది. ఎత్తాడు.

"ఇంక."

ఇంకా ఎత్తాడు. హెప్సిబా చెయ్యి తెరిచింది. వీపు వెనక బంతి దొర్లుతున్న చప్పుడు, తర్వాత ఏదో దేనికో తగిలిన చిన్న చప్పుడు, తర్వాత ఏమీ లేదు. మాసయ్య కదల్లేదు. హెప్సిబా మొహంలో ఎడమ పెదవి కొస ముందు కదిలింది. ఆ తర్వాత కళ్ళు పెద్దవయ్యాయి. ఆపైన భుజాలు, మెడ, చక్రాల కుర్చీ, అన్నీ కలిసి ఊగాయి. రెఫరీ లెక్క చెప్పకముందే మాసయ్యకు లెక్క తెలిసిపోయింది.

"అయిపోయింది, ఇంక తిరగొచ్చు మీరు" అన్నాడు శ్రవణ్ కుమార్.

"జర ఉండు సార్" అన్నాడు మాసయ్య, తిరక్కుండానే.

ఆ తర్వాతి ఆటలో ఓడిపోయారు. తిరుగు ప్రయాణంలో మాసయ్య కూతుర్ని అడిగాడు. "ఆ ఆఖరు బంతి ఏం జేసింది బిడ్డా? నేను సూడలే గదా." హెప్సిబా చెప్పడం మొదలుపెట్టింది. తన ఎర్ర బంతి నీలం బంతిని ఎలా కొట్టిందో, నీలంది ఎలా అలిగి పక్కకు పోయిందో. పెబ్బేరు దగ్గర మొదలైన ఆ ముచ్చట ఎర్రవల్లి వచ్చేసరికి ముగిసింది. నాగప్ప అద్దంలోంచి రెండు మూడుసార్లు వెనక్కి చూశాడు, మాసయ్య నిద్రపోయాడేమోనని. పోలేదు. వింటున్నాడు.

తర్వాత ఇంట్లో కొన్ని ఇబ్బందులు మొదలయ్యాయి. హెప్సిబాకు 'ఆగు', 'కాదు', 'ఇంక' అనే మాటల రుచి తెలిసింది. ఉప్మా ముందు పెడితే "కాదు" అంది. చిన్నప్పటి నుంచీ ఆ పిల్లకు ఉప్మా ఇష్టమని ఊరంతా చెప్పుకున్న మాసయ్యకు అది పెద్ద దెబ్బ. క్రిస్మస్‌కు గులాబీ రంగు గౌను తెస్తే, పక్కింటి సాంసన్ కూతురికిచ్చేయమని, తనకు పచ్చది కావాలని చెప్పింది. "ఇన్నొద్దులు ఎందుకు సెప్పలే బిడ్డా?" అని అడిగితే హెప్సిబా వాళ్ళ నాయిన వైపు చూసింది, అంతే. దేవమ్మ పొయ్యి దగ్గర తల వంచుకుని నవ్వుకుంది.

కానీ దవాఖానకు వెళ్ళిన రోజు మాసయ్యకు నవ్వు రాలేదు. డాక్టరు "నొప్పి ఎక్కడమ్మా?" అన్నాడు. మాసయ్య కుర్చీ అంచులు గట్టిగా పట్టుకుని నోరు మూసుకున్నాడు. కాసేపటికి హెప్సిబా అంది. "మోకా...లు. పండు...కుంటే." డాక్టరు ఎప్పటి నుంచి అని అడిగితే "ఎప్...పుడూ" అంది. ఆ డాక్టరు ముందు అన్నేళ్ళుగా ఎన్నెన్నో చెప్పిన మాసయ్య మోకాళ్ళ సంగతి ఒక్కసారీ చెప్పలేదు. అతనికి తెలియదు. ఆ రోజు మందు మారింది, పడుకునేటప్పుడు కాళ్ళ కింద దిండు ఎలా పెట్టాలో చెప్పారు. ఆ రాత్రి మాసయ్య ఆ దిండు పెట్టి, బాగుందో లేదో పిల్ల చెప్పేదాకా ఆగాడు.

మరుసటి ఏడు పోటీ నాగర్‌కర్నూల్‌లో అన్నారు. సింధూజ హెప్సిబాను అడిగింది. "ఈసారి నీతోని ఎవరు కూసుంటరు?"

మాసయ్య అప్పటికే చొక్కా చేతులు మడుస్తున్నాడు.

"అమ్మ" అంది హెప్సిబా.

"అమ్మ గూడ వస్తది బిడ్డా. గొట్టం ఎవరు పట్టాలె అని మేడమ్ అడుగుతుంది."

"అమ్మ."

"నాయిన ఏం తప్పు జేసిండు?" అని అడిగింది సింధూజ, నవ్వు దాచుకుంటూ.

హెప్సిబా బాగా ఆలోచించుకుని చెప్పింది. ఎవరూ అడ్డం రాలేదు కాబట్టి మొత్తం చెప్పింది. "నాయిన... ఊపిరి... గట్టిగ... పీలుస్తడు. నాకు... పరే...షాన్... అయితది."

మాసయ్య అలిగాడు. రెండు రోజులు వీధిలో అతని గొంతు వినపడక, ఒంట్లో బాగాలేదేమోనని సాంసన్ వచ్చి అడిగిపోయాడు. మూడో రోజు అలక మాని భార్యకు మెళకువలు చెప్పబోయాడు. ఎలా కూర్చోవాలి, గొట్టం ఎక్కడ పట్టుకోవాలి, జనం అరిస్తే ఏం చేయాలి.

"నాకు సెప్పకు. అది సెప్తది" అంది దేవమ్మ.

నాగర్‌కర్నూల్ హాల్లో మాసయ్య మొదటిసారి జనంలో కూర్చున్నాడు. ముందే వెళ్ళి మంచి చోటు పట్టుకున్నాడు. తెల్ల బంతి, ఎర్రవి, నీలివి, గీతలు, అన్నీ స్పష్టంగా కనిపించే చోటు. ఇన్నాళ్ళకు ఆట చూడొచ్చు. హెప్సిబా మొదటి బంతి వేసింది. బాగా వేసింది. మాసయ్య చూశాడు. చూసి, ఏదో తక్కువైనట్టు అటూ ఇటూ కదిలాడు. అక్కడి నుంచి హెప్సిబా తల వెనక జడ మాత్రమే కనిపిస్తోంది.

లేచి ఇంకో వరుసకు వెళ్ళాడు. అక్కడ దేవమ్మ అడ్డం. ఇంకో మూలకు వెళ్ళాడు. అక్కడ రెఫరీ అడ్డం. చివరికి ఎవరూ కూర్చోని ఒక స్తంభం పక్కన, నేల మీద చోటు దొరికింది. స్తంభం వల్ల ఆట స్థలం సగానికి పైగా కనిపించదు. తెల్ల బంతి అసలే కనిపించదు. హెప్సిబా మొహం మాత్రం పూర్తిగా కనిపిస్తుంది. అక్కడే చతికిలబడ్డాడు.

ఆలస్యంగా వచ్చిన ఒకాయన అతని పక్కన కూర్చుని, మెడ చాచి చూసి, ఏమీ కనిపించక అడిగాడు. "ఎవరు గెలుస్తున్నరన్నా?"

"తెల్వదు" అన్నాడు మాసయ్య మెల్లగా. హెప్సిబా గడ్డం అప్పుడే పక్కకు పోతోంది.